వరుసలో నిలిచిన శ్రోత

సంగీత చరిత్ర గ్రంథాలు వాగ్గేయకారులను గురించీ, బాణీలను గురించీ, రాజపోషకులను గురించీ విపులంగా చెబుతాయి. శ్రోతను గురించి వాటిలో కనిపించేది స్వల్పం. అందునా, కూర్చోవడానికి చోటు దొరకక గోడవారన నిలబడి విన్న శ్రోతను గురించి దాదాపు ఏమీ లేదు. అయితే ఒక కళ ఎవరి సొత్తు అనే ప్రశ్నకు సమాధానం వేదిక మీద కంటె ద్వారం దగ్గరే స్పష్టంగా దొరుకుతుంది. లోపలికి ఎవరు రావచ్చు, ముందు ఎవరు కూర్చోవాలి, వెలుపల ఎవరు నిలబడాలి అనే నిర్ణయాలను ఏ కాలంలో ఎవరు చేశారో పరిశీలిస్తే ఒక సాంఘిక చరిత్ర బయటపడుతుంది. ఈ వ్యాసంలో చేయబోయేది ఆ పరిశీలనే.

దేశ రాజధానికి తూర్పున, గాజియాబాదు జిల్లాలో వైశాలి అనే నివాసప్రాంతం ఉంది. 2011 జూలై 14న మెట్రో రైలు అక్కడికి చేరింది. ఆ రైలు ఎక్కినవారు మధ్యలో బండి మారకుండానే మండీ హౌస్ చేరుకుంటారు. 1971లో ఏర్పడిన కమానీ ప్రేక్షాగారం, త్రివేణి కళా సంగమం, శ్రీరామ్ సెంటర్ అక్కడికి నడక దూరంలోనే ఉన్నాయి. యమునకు ఆవలి కాలనీలలో ఉండే ఉద్యోగులకు సాయంకాలపు కచేరీ ఈ విధంగా అందుబాటులోకి వచ్చింది. రాజధానిలో జరిగే శాస్త్రీయ సంగీత సభలలో చాలావాటికి ప్రవేశం ఉచితం. ముందు వచ్చినవారికి ముందు చోటు అనే సూచన ఆహ్వానపత్రం అడుగున చిన్న అక్షరాలలో ఉంటుంది. పేరున్న విద్వాంసుల కచేరీ అయితే తలుపులు తెరవడానికి చాలా ముందే బారు ఏర్పడుతుంది. కుర్చీలు నిండిన తరువాత మిగిలినవారు మెట్లమీదా, గోడవారనా సర్దుకుంటారు. ఎవరికీ వింతగా తోచని ఆ చిన్న సూచన ఆచరణలోకి రావడానికి మన సమాజంలో ఎంతో కాలం పట్టింది.

భాష దీనికి తొలి సాక్ష్యం. తెలుగులో వరుస అనే మాటకు బారు అనే అర్థంతోపాటు బంధుత్వం అనే అర్థం కూడా ఉంది. ‘మీరు నాకు ఏమి వరుస?’ అని అడిగినప్పుడు పుట్టుకచేత ఏర్పడిన స్థానాన్నే అడుగుతున్నాం. పంక్తి అనే మాట చరిత్ర ఇంకా కఠినమైనది. ధర్మశాస్త్రాలు కొందరిని పంక్తిపావనులుగా, మరికొందరిని పంక్తిదూషకులుగా విభజించాయి. అంటే మన సంప్రదాయ పదజాలంలో మనిషి స్థానాన్ని నిర్ణయించినది జననమే గాని, అతడు వచ్చిన వేళ కాదు. వచ్చిన వేళను బట్టి ఏర్పడే బారుకు మనం పరాయి మాటను అరువు తెచ్చుకున్నాం. ఫ్రెంచి భాషలో తోక అనే అర్థమున్న ‘క్యూ’ ఇంగ్లీషు మీదుగా మనకు చేరి, రేషను దుకాణం దగ్గరా, సినిమా హాలు దగ్గరా స్థిరపడింది. చివరకు తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్సు పేరులోనూ చోటు సంపాదించుకొంది.

ఆస్థాన సంగీతంలో బారుకు తావులేదు. తంజావూరులో గాని, విజయనగరం, పిఠాపురం వంటి సంస్థానాలలో గాని కచేరీకి వచ్చినవారు ఆహ్వానితులు. వారి ఆసనాలు హోదాను బట్టి ముందే నిర్ణయమై ఉండేవి. దేవాలయంలో పరిస్థితి కొంత భిన్నం. ఊరేగింపు వెంట నడిచే నాదస్వరాన్ని వీధిలో నిలబడినవారందరూ విన్నారు. అయితే ఆ వీధిలోకి అందరికీ ప్రవేశం లేదు. అస్పృశ్యులుగా ముద్రపడినవారు గర్భగుడికే కాదు, చాలాచోట్ల ఆలయ వీధులకు కూడా దూరంగా నిలవవలసి వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశానికి వీలు కల్పించే శాసనం 1939లో వచ్చింది; మరింత విస్తృతమైన శాసనం 1947లో వచ్చింది. నిలబడి వినడం అనేది కూడా ఒక హక్కేననీ, అది అందరికీ లేని హక్కనీ ఈ తేదీలు గుర్తుచేస్తాయి.

స్త్రీల విషయం మరొక అధ్యాయం. తిరువాయూరులో త్యాగరాజస్వామి సమాధిని ఉద్ధరించి, 1925లో అక్కడ ఆలయ ప్రతిష్ఠ జరిపించినది బెంగుళూరు నాగరత్నమ్మ. ఆ ఆరాధనోత్సవంలోనే స్త్రీలు పాడడానికి అనుమతి లేకపోయింది. ఆమె స్త్రీలతో వేరుగా ఆరాధన నిర్వహించారు. 1940 ప్రాంతంలో వర్గాలన్నీ ఏకమైన తరువాతనే అందరూ ఒకే ఉత్సవంలో పాల్గొనగలిగారు. తన ధనంతో ఆలయం కట్టించిన వ్యక్తికే అక్కడ పాడే చోటు కోసం పోరాడవలసి వచ్చింది.

ఆస్థానం నుంచి బహిరంగ సభకు సంగీతాన్ని తరలించినది టిక్కెట్టు. ఉత్తరాన విష్ణు దిగంబర్ పలుస్కర్ (1872–1931) సంస్థానాధీశుల ఆశ్రయాన్ని కాదని ప్రజల ముందు పాడారు. 1901లో లాహోరులో గాంధర్వ మహావిద్యాలయాన్ని స్థాపించి, సంగీతాన్ని మధ్యతరగతి గృహాలలోకి తెచ్చారు. దక్షిణాన సభలు వెలిశాయి. మద్రాసులో సంగీత విద్వత్సభ 1928లో ఏర్పడింది. రూపాయి ఇచ్చినవాడి కులం అడగకుండా చోటివ్వడం టిక్కెట్టు చేసిన మేలు. అయితే పుట్టుకను బట్టి ఏర్పడిన వరుస స్థానంలో ధనాన్ని బట్టి ఏర్పడే వరుసను అదే టిక్కెట్టు నిలబెట్టింది.

తెలుగు నాటకశాల ఇందుకు ఒక పరిష్కారాన్ని తనకు తెలియకుండానే చూపింది. 1885లో కడప ప్రాంతంలో ఆరంభమైన సురభి వంటి సమాజాలు ఊరూరా డేరాలు వేసి ఆడిన కాలంలో కుర్చీ, బెంచీ, నేల అని తరగతులుండేవి. నేల టిక్కెట్టు అన్నిటికంటె చవక. రంగస్థలానికి అన్నిటికంటె దగ్గర కూడా అదే. పద్యానికి ‘వన్స్‌మోర్’ కొట్టి, రాగం చాలదని నటుణ్ణి నిలదీసినవారిలో ఆ నేలమీది శ్రోతలు ముఖ్యులు. తరువాత సినిమా హాలు ఆ నేలను వారసత్వంగా పొందింది. శాస్త్రీయ సంగీత సభ మాత్రం దానిని స్వీకరించలేదు. బెంగుళూరులో 1939లో మొదలైన శ్రీరామసేవా మండలి వారి రామనవమి కచేరీలకు టిక్కెట్టు కొనలేనివారు పందిరి వెలుపల రోడ్డు మీద నిలబడి వినేవారు. పాట వారికి చేరింది గాని, పాడేవారి ముఖం చేరలేదు.

ఇదే సమస్యను లండను నగరం మరొక విధంగా ఎదుర్కొంది. 1895 ఆగస్టు 10న క్వీన్స్ హాలులో రాబర్ట్ న్యూమన్ అనే నిర్వాహకుడు ‘ప్రామనేడ్’ కచేరీలు ఆరంభించాడు. వాద్యబృందాన్ని నడిపిన హెన్రీ వుడ్‌కు అప్పటికి 26 ఏళ్లు. హాలు మధ్యభాగంలో కుర్చీలు వేయలేదు. ఒక షిల్లింగు ఇచ్చినవారు అక్కడ నిలబడి వినవచ్చు. సులభమైన రచనలతో మొదలుపెట్టి, క్రమక్రమంగా గంభీరమైన సంగీతం వైపు సామాన్య శ్రోతను నడిపించడం న్యూమన్ ఆశయం. 1927లో ఈ కచేరీల బాధ్యతను బి.బి.సి. స్వీకరించింది. 1941 మే నెలలో బాంబుదాడిలో క్వీన్స్ హాలు కాలిపోగా, కచేరీలు రాయల్ ఆల్బర్ట్ హాలుకు మారాయి. నేటికీ అక్కడ దాదాపు వెయ్యిమంది నిలబడి వినడానికి వీలుంది. అక్కడ నిర్వాహకులు సంఖ్య గల చీటీలు పంచే పద్ధతి కూడా ఉండేది. చీటీ చేతిలో ఉన్నవారు కొంతసేపు వెళ్లి వచ్చినా వారి వంతు పోదు. ఇటీవల టిక్కెట్లు అంతర్జాలంలో అమ్మడం వల్ల బారు స్వరూపం మారింది గాని, నిలుచునే చోటు తొలగలేదు.

ఇందులో మనం గమనించవలసినది చవకదనం మాత్రమే కాదు. ఆ చోటు ఉన్నది సరిగ్గా వేదిక ముందు. అతి తక్కువ ధర చెల్లించినవారు వాద్యకారులకు అతి సమీపంలో ఉంటారు. ధనవంతులు వారి వెనుకా, పైనా కూర్చుంటారు. మన నేల టిక్కెట్టులో ఉన్న న్యాయమే అక్కడ శాస్త్రీయ సంగీతానికి వర్తించింది.

ఇది పాశ్చాత్యులు నేర్పిన మర్యాద అని భావించనక్కరలేదు. గాజియాబాదు కాలనీకి పేరు మాత్రమే ఇచ్చిన ప్రాచీన వైశాలి బిహారులో ఉంది. బుద్ధుని నిర్యాణానంతరం సుమారు నూరేళ్లకు అక్కడ ద్వితీయ సంగీతి జరిగిందని బౌద్ధ సంప్రదాయం చెబుతుంది. ‘సంగీతి’ అంటే కలిసి పఠించడం. ఆ సందర్భంలో అజితుడనే భిక్షువును ఆసనాలు ఏర్పాటు చేసే అధికారిగా సంఘం నియమించిందని వినయపిటకంలోని చుల్లవగ్గ పేర్కొంటుంది. సంఘంలో పెద్దరికం జన్మను బట్టి కాక, సంఘంలో చేరిన కాలాన్ని బట్టి లెక్కించేవారు. శాక్య రాజకుమారులు తమకంటె ముందుగా మంగలి ఉపాలికి దీక్ష ఇవ్వమని బుద్ధుని కోరారనీ, ఆ విధంగా అతనికి నమస్కరించవలసి వచ్చి తమ కులగర్వం అణగాలని ఆశించారనీ అదే గ్రంథం చెబుతుంది. ముందు వచ్చినవానికి ముందు స్థానం అనే సూత్రానికి ఇంతకంటె గంభీరమైన ఉదాహరణ అరుదు. అయితే అదే సంఘంలో ఎంత పెద్ద భిక్షుణి అయినా నిన్న చేరిన భిక్షువుకు నమస్కరించాలనే నియమం కూడా ఉంది. వరుసను సరిదిద్దినవారు సైతం దానిని సంపూర్ణంగా సరిదిద్దలేదు.

ఈ కాలపు బారుకు కూడా లోపాలున్నాయి. ముందుగా రాగలిగేది తీరిక ఉన్నవారే; దినకూలికి ఆ తీరిక లేదు. నిలబడగలిగేది ఆరోగ్యవంతులే, రాగాలను ఎక్కువగా ఎరిగిన వృద్ధ రసికులకు అది కష్టం. కచేరీ ముగిశాక దూరపు కాలనీకి ఒంటరిగా తిరిగి వెళ్లవలసిన స్త్రీకి రాత్రి రైలు వేళే కచేరీ నిడివిని నిర్ణయిస్తుంది. అన్నిటికంటె మించినది భద్రత. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాలు అగ్నిప్రమాదంలో 59 మంది మరణించారు. అదనపు కుర్చీలతో దారులను మూసివేయడం ఆ విషాదానికి ఒక కారణం. కనుక నడవలలోనూ, మెట్లమీదా శ్రోతలను నిలబెట్టడం ఔదార్యం అనిపించుకోదు. నిలుచునే చోటు హాలు నిర్మాణంలోనే ఒక భాగంగా, లెక్కించిన సంఖ్యతో ఉండాలి.

ఇక్కడే పాలనాయంత్రాంగంలో ఉన్నవారు ఆలోచించవలసిన విషయం ఒకటి ఉంది. మన సభలలో ముందు వరుసలు అతిథుల కోసమూ, అధికారుల కోసమూ కేటాయించడం పరిపాటి. ఆ అతిథులు రాని సాయంత్రాలు తక్కువేమీ కాదు. వర్ణం ముగిసి, ప్రధాన రాగం ఆలాపన మొదలైనా ముందు సోఫాలు ఖాళీగా ఉండడం, వెనుక జనం గోడలకు ఆనుకొని నిలబడడం ఢిల్లీలోనూ హైదరాబాదులోనూ తరచు కనబడే దృశ్యమే. గాయకుడు కళ్లు తెరిస్తే ఎదుట కనిపించేది ఆ ఖాళీయే. ధర్మశాస్త్రాల పంక్తి అంతరించినా, హోదా పంక్తి ఈ రూపంలో మిగిలి ఉంది.

దీనికి పెద్ద ఖర్చుతో కూడిన సంస్కరణ అవసరం లేదు. ప్రభుత్వ నిధులతో జరిగే కచేరీలలో కేటాయించిన ఆసనాలను నిర్ణీత వేళకు ఐదు నిమిషాల ముందు బారులోని వారికి విడుదల చేయాలని ఒక నియమం చాలు. వేదిక ముందు కుర్చీలు తగ్గించి, బయటికి పోయే దారులు వదిలి, జంపఖానా పరచడం మన సంప్రదాయానికి కొత్త కాదు. వెలుపల నిలిచినవారికి సంఖ్య గల చీటీలు ఇచ్చి, వృద్ధులకు రెండు బెంచీలు వేయడం ఏ కార్యాలయానికైనా సాధ్యమే. 1875 నుంచి సంప్రదాయంగా సాగుతున్న జలంధరులోని హరివల్లభ సంగీత సమ్మేళనం డిసెంబరు చలిలో కూడా ఉచిత ప్రవేశంతో శ్రోతలను ఆకర్షిస్తూ వచ్చింది. శాస్త్రీయ సంగీతానికి సామాన్య శ్రోతలు లేరనే మాటను నమ్మే ముందు, మన హాళ్ల తలుపుల దగ్గర నిలబడి ఉన్నవారిని ఒకసారి లెక్కపెట్టడం మంచిది.