అడవిని ఆపేసిన పచ్చగడ్డి

ఈ ఎపిసోడ్ ఒక విమానంతో మొదలుపెడతా. 2001 సెప్టెంబర్ 11న హైజాక్ అయిన నాలుగు విమానాల్లో మూడు ఎక్కడ గుద్దుకున్నాయో మనందరికీ తెలుసు. నాలుగోది ఫ్లైట్ 93. లోపలివాళ్ళు తిరగబడ్డారు, అది పెన్సిల్వేనియాలో ఒక ఖాళీ మైదానంలో కూలిపోయింది. ప్రయాణికులు, సిబ్బంది కలిపి 40 మంది పోయారు. వీడియోల్లో ఆ మైదానం చూసి నేను మామూలు పచ్చిక బయలు అనుకున్నా. కాదు. బొగ్గు తీసేసి, మట్టి కప్పి, పైన గడ్డి చల్లిన పాత ఓపెన్‌కాస్ట్ గని అది.

చుట్టూ అడవి. మధ్యలో ఇక్కడ మాత్రం గడ్డి. ఎందుకు? దీని వెనక ఒక చట్టం కథ ఉంది.

ఓపెన్‌కాస్ట్ అంటే గోదావరిఖని, రామగుండం వైపు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మా అమ్మమ్మ ఊరు అటువైపే. బొగ్గు పైనున్న మట్టీ రాళ్ళూ తీసి గుట్టలుగా పోస్తారు, దాన్నే ఓబీ అంటాం. అమెరికాలో అపలాచియన్ కొండల్లో చాలాకాలం ఆ మట్టిని గుట్టగా కూడా పొయ్యలేదు. కొండ చుట్టూ మెట్టులా చెక్కి, తీసిన మట్టిని కిందికి తోసేసేవాళ్ళు. అది వానకి జారి ఇళ్ళ మీద పడేది, వాగుల్లో నిండేది. 1972 ఫిబ్రవరి 26న వెస్ట్ వర్జీనియాలో బఫెలో క్రీక్ దగ్గర బొగ్గు వ్యర్థాలతో కట్టిన కట్ట తెగి 125 మంది చనిపోయారు. అది ఓపెన్‌కాస్ట్ ప్రమాదం కాదు కానీ, బొగ్గు కంపెనీల మీద జనానికి కోపం మాత్రం బాగా పెరిగింది. తవ్విన నేలని బాగుచెయ్యాలని కాంగ్రెస్ బిల్లు తెస్తే అధ్యక్షుడు ఫోర్డ్ రెండుసార్లు ఆపాడు. చివరికి 1977 ఆగస్టు 3న కార్టర్ సంతకం పెట్టాడు.

చట్టం మంచిదే, అందులో నాకు అనుమానం లేదు. కొండని ఇంచుమించు పాత ఆకారానికి తేవాలి. కంపెనీ ముందే డబ్బు హామీగా కట్టాలి. ఆ తూర్పు రాష్ట్రాల్లో అయితే పచ్చదనం కనీసం ఐదేళ్ళు నిలబడాలి, అప్పుడే హామీ పూర్తిగా వెనక్కి వస్తుంది.

మట్టి జారితే హామీ డబ్బు ఇరుక్కుపోతుంది కదా. అందుకని బుల్డోజర్లతో నేలని మళ్ళీ మళ్ళీ తొక్కించి నున్నగా చేశారు. దాని మీద త్వరగా అల్లుకునే విత్తనాలు చల్లారు. యూరప్ నుంచి వచ్చిన ఫెస్క్యూ గడ్డి, తూర్పు ఆసియా నుంచి వచ్చిన లెస్పెడీజా, ఇలాంటివి. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తే అంతా పచ్చగా ఉంటుంది. హామీ రిలీజ్.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఇలాంటివి చాలా చూశా. టెస్ట్ కేసులన్నీ గ్రీన్, ప్రొడక్షన్‌లో యాప్ క్రాష్.

అణిగిపోయిన ఆ నేలలో వేరు దిగదు, నీరు ఇంకదు. పైనుంచి ఆ గడ్డి చిన్న మొక్కకి ఎండా తడీ రెండూ దక్కనివ్వదు. గడ్డిలో దాక్కునే ఎలుకలు మొక్కల బెరడు కొరికేస్తాయి. పక్క అడవి నుంచి గింజ వచ్చి పడినా లేవదు. దశాబ్దాలు గడిచినా గడ్డి గడ్డిలాగే ఉండిపోయింది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన ట్విస్ట్ ఒకటి ఉంది. చట్టం రాకముందు అడ్డదిడ్డంగా వదిలేసిన కొన్ని పాత గనుల్లో చెట్లు ఏపుగా పెరిగాయి! పద్ధతి లేకుండా పోసినా, పోసిన మట్టి వదులుగా ఉంది. వర్జీనియా టెక్‌లో జేమ్స్ బర్గర్ బృందం, కెంటకీ యూనివర్సిటీ వాళ్ళు ఏళ్ళ తరబడి ప్లాట్లు వేసి తేల్చింది ఇదే. 2004లో ప్రభుత్వ సంస్థలు కూడా కలిసి దీన్నొక పద్ధతిగా ప్రచారం మొదలుపెట్టాయి. కనీసం 4 అడుగుల మంచి మట్టి వెయ్యి, దాన్ని తొక్కించకు, ఎగుడుదిగుడుగానే వదిలెయ్యి, గడ్డి తగ్గించు, ఓక్ లాంటి స్థానిక చెట్లు సరిగ్గా నాటు. చట్టం మార్చాల్సిన పని కూడా పడలేదు, అలవాటు మార్చుకుంటే చాలు. కాకపోతే నున్నగా చదును చెయ్యడమే పనితనం అనుకునే డోజర్ డ్రైవర్‌కి 'గరుకుగా వదిలెయ్యి బాబూ' అని చెప్పి ఒప్పించడం ఎంత కష్టమో ఊహించుకోండి.

2012లో ఫ్లైట్ 93 మైదానంలో కూడా వాలంటీర్లు చెట్లు నాటడం మొదలుపెట్టారు. వాటిలో అమెరికన్ చెస్ట్‌నట్ ఉంది. 1904లో న్యూయార్క్‌లో బయటపడ్డ ఒక ఫంగస్ తెగులు యాభై ఏళ్ళలోపే ఈ జాతి చెట్లని సుమారు 400 కోట్లు తినేసింది. తెగులు తట్టుకునేలా సంకరం చేసిన చెస్ట్‌నట్ మొక్కలకి ఈ పాత గనులు కొత్త చోటయ్యాయి.

అలాగని ఇది హ్యాపీ ఎండింగ్ కాదు. లక్షల ఎకరాలు ఇప్పటికే గట్టిపడి ఉన్నాయి. వాటిని డోజర్ వెనక పొడవాటి ఉక్కు కొక్కేలు కట్టి చీల్చాలి. హామీ ఎప్పుడో వెనక్కి వెళ్ళిపోయింది, మరి ఖర్చు ఎవరిది? ఎక్కువగా విరాళాలు, గ్రాంట్లు, వాలంటీర్లు. శిఖరాలే పేల్చేసిన చోట మట్టి కింద సమాధి అయిపోయిన వాగుల్ని ఏ మొక్కా వెనక్కి తేలేదు.

మన దగ్గర 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. తవ్వకం అయిపోయాక ఆ నేలలో మళ్ళీ గడ్డి పెంచాలి, పశువుల మేతకి, మొక్కలకి, జంతువులకి పనికొచ్చేలా చెయ్యాలి, ఈ షరతు మైనింగ్ లీజుల్లో పెట్టండి అని కేంద్రానికి చెప్పింది. మేత అవసరమే, గొర్లకాపర్లని అడిగితే తెలుస్తుంది. కానీ గడ్డి అన్న మాట కనపడగానే నాకు అపలాచియన్ కొండలే గుర్తొచ్చాయి. ఏ గడ్డి? కింద మట్టి వదులుగా ఉందా, గట్టిగా ఉందా? అది ఎవరు చూస్తారు?

ఇదంతా ఫోన్‌లో చెప్తే మా మేనమామ నవ్వాడు. "దానికి అమెరికా దాకా ఎందుకురా, వాన పడ్డంక ఓబీ గుట్ట కాడికి రా. నీళ్ళు ఇంకుతున్నయో జారుతున్నయో నువ్వే చూస్తవ్" అన్నాడు. ఈ వానాకాలం కెమెరా పట్టుకుని వెళ్తున్నా. ఉంటా మరి.