క్యాట్‌స్కిల్ కొండల్లో ఏప్రిల్ గాలం

న్యూయార్క్ నగరానికి వాయవ్యాన సుమారు 160 కిలోమీటర్ల దూరంలో ఉన్న క్యాట్‌స్కిల్ కొండల్లో బీవర్‌కిల్, విల్లోవీమాక్, నెవర్‌సింక్, ఇసోపస్ వంటి ఏర్లు పుడతాయి. రాళ్ల మీదుగా వడిగా పారే ఈ చల్లని, తేటనీటి ఏర్లు ట్రౌట్ చేపలకు ఆవాసాలు. అమెరికాలో ఫ్లైతో గాలం వేసే విద్యకు సొంత శైలి ఏర్పడింది ఇక్కడే. ఫ్లై అంటే గాలం ముల్లు మీద ఈకలు, బొచ్చు, పట్టుదారం చుట్టి పురుగు రూపంలో తయారుచేసిన ఎర. దానికి దాదాపు బరువు ఉండదు కాబట్టి దూరంగా విసరాలంటే ఆ బరువు గాలం తాడుకే ఉండాలి, దాన్ని మోసి ఆడించే బిగువు కర్రకుండాలి.

న్యూయార్క్ రాష్ట్రంలో ట్రౌట్ వేట ఏప్రిల్ 1న మొదలవడం చాలాకాలం పాటు ఆనవాయితీ. అప్పటికి మంచు ఇంకా కరుగుతూనే ఉంటుంది. నీరు 10 డిగ్రీల సెల్సియస్‌కు చేరువయ్యాక, ఎండ కాసే మధ్యాహ్నాల్లో ఆ ఏటి తొలి మేఫ్లై పురుగులు బయటికొస్తాయి. వాటిలో ముందుగా కనిపించే ఎపియోరస్ జాతి పురుగు నీటి అడుగునే పొర విడిచి, రెక్కలతో పైకి తేలుతుంది. చలికాలమంతా అరకొర తిండితో గడిపిన ట్రౌట్లు వీటికోసం పైకి రావడం మొదలుపెడతాయి. క్యాట్‌స్కిల్ ఫ్లై చరిత్రలో ఎక్కువ భాగం ఈ కొద్ది వారాల చుట్టూనే తిరుగుతుంది.

ఈ విద్య మాత్రం చాలా పాతది. మాసిడోనియాలో జాలరులు ఎర్ర ఉన్ని, ఈకలు చుట్టిన గాలాలతో చేపలు పట్టేవారని రోమన్ రచయిత ఏలియన్ సుమారు 1800 ఏళ్ల కిందటే రాశాడు. 1496లో ఇంగ్లండులో అచ్చయిన గాలం విద్య గ్రంథంలో 12 ఫ్లైల తయారీ వివరాలున్నాయి. ఐజాక్ వాల్టన్ గాలం పుస్తకానికి 1676లో చార్లెస్ కాటన్ చేర్చిన భాగం ఫ్లై వేటకు చాలాకాలం ప్రమాణంగా నిలిచింది.

క్యాట్‌స్కిల్ ఏర్లలో మొదటినుంచీ ఉన్నది బ్రూక్ ట్రౌట్. 19వ శతాబ్దంలో తోళ్లు పదును చేసే కార్ఖానాలు ఈ కొండల్లోకి వచ్చాయి. వాటికి హెమ్లాక్ చెట్ల బెరడు కావాలి. బెరడు ఒలుచుకుని మానులను చాలావరకు అక్కడే కుళ్లబెట్టారు. నీడ పోయింది, నీళ్లు వేడెక్కాయి, కార్ఖానాల మురుగు ఏర్లలో కలిసింది. చల్లదనం లేనిదే బతకలేని బ్రూక్ ట్రౌట్ బాగా తగ్గిపోయింది. 1883లో జర్మనీ నుంచి బ్రౌన్ ట్రౌట్ గుడ్లు న్యూయార్క్ చేపల కేంద్రానికి చేరాయి. కొంత వెచ్చని నీటిని కూడా తట్టుకునే ఈ చేప క్యాట్‌స్కిల్ ఏర్లలో స్థిరపడింది. అయితే ఇది అనుమానపు చేప. ఏ ఈకల ముద్ద కనిపించినా నోట కరిచే రకం కాదు. కొత్త రకం ఫ్లై అవసరమైంది అందుకే.

ఆ అవసరాన్ని గట్టిగా పట్టుకున్నవాడు థియోడోర్ గోర్డన్. 1854లో పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. క్షయతో బలహీనపడి, నెవర్‌సింక్ లోయలో ఒంటరిగా ఉంటూ ఫ్లైలు కట్టి అమ్ముకునేవాడు. నీటిపైన తేలే ఫ్లైకి ఇంగ్లండులో పెద్దదిక్కు అయిన ఫ్రెడరిక్ హాల్ఫర్డ్‌కు ఉత్తరం రాస్తే, 1890లో ఆయన కొన్ని నమూనాలు పంపాడు. అవి ఇంగ్లండులోని హ్యాంప్‌షైర్‌లో నెమ్మదిగా, నున్నగా సాగే ఏర్లకు తగ్గవి. నెవర్‌సింక్ సుడుల్లో నిలవాలంటే ఇంకా బిరుసైన ఈకలు కావాలి, ఒళ్లు ఇంకా సన్నగా ఉండాలి. ఈ కొండల్లో కనిపించే పురుగులే అందుకు నమూనా కావాలి. గోర్డన్ చేసిన పని అది. ఇంగ్లండు విద్యను దిగుమతి చేసుకున్నాడనడం కన్నా, తన ఏటి దగ్గర దాన్ని కొత్తగా కట్టాడనడం న్యాయం.

ఆయన పేరుతో నిలిచిన క్విల్ గోర్డన్ అనే ఫ్లైని దగ్గరగా చూస్తే ఆ ఆలోచన తెలుస్తుంది. నెమలికన్ను దగ్గరి పోచ ఒకటి తీసి, గోటితో నూగంతా గీకేస్తారు. మిగిలిన ఈనెకు ఒక అంచు నల్లగా, మరో అంచు లేతగా ఉంటుంది. దాన్ని ముల్లు కాడకు వరసగా చుడితే పురుగు పొట్ట మీది కణుపుల్లా చారలు పడతాయి. రెక్కలకు వుడ్ డక్ బాతు పక్కటెముకల మీది లేత పసుపు, నల్ల గీతల ఈకను నిటారుగా, రెండుగా చీల్చి కడతారు. రెక్కల మొదట్లో బూడిదనీలం పుంజు మెడ ఈకను అంచు మీద నిలబెట్టి చుడితే దాని పోగులు చుట్టూ విచ్చుకుని నీటిమీద కాళ్లలా నిలుస్తాయి. ముల్లు కన్ను వెనక కాస్త జాగా ఖాళీగా వదిలేయడం క్యాట్‌స్కిల్ పనివారి గుర్తు. ఎక్కడా అదనపు దారం చుట్టు ఉండదు. ఈ పొదుపు అందం కోసం వచ్చింది కాదు, తేలడం కోసం వచ్చింది.

గోర్డన్ 1915లో చనిపోయాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న రాయ్ స్టీన్‌రాడ్, 1916లో నక్క పొట్ట బొచ్చుతో ఒక ఫ్లై కట్టి స్నేహితుడు హెండ్రిక్సన్ పేరు పెట్టాడు. ఏప్రిల్ చివరి వారాలకు నేటికీ అదే తొలి ఎంపిక. తర్వాతి తరంలో రూబ్ క్రాస్ పేరు మోగింది. రాస్కోలో వాల్ట్, విన్నీ డెట్ దంపతులు క్రాస్ కట్టిన ఫ్లైలను చుట్టు చుట్టుగా విప్పి చూసి పని పట్టుకున్నారని చెబుతారు. హ్యారీ, ఎల్సీ డార్బీ దంపతులు ఇంకో అడుగు వేశారు. నాణ్యమైన బూడిదనీలం ఈక దొరకడం కష్టం కావడంతో, ఆ రంగు కోసమే హ్యారీ కోళ్లను జత కలిపి పెంచాడు.

కర్రలకు కూడా ఇంతే కథ ఉంది. 1840ల్లో పెన్సిల్వేనియాలోని శామ్యూల్ ఫిలిప్ వెదురును బద్దలుగా చీల్చి అతికించి కర్రలు చేశాడు. హైరమ్ లెనార్డ్ ఆరు బద్దల కర్రను పెద్ద ఎత్తున తయారుచేసి, 1881లో తన కార్ఖానాను న్యూయార్క్ రాష్ట్రంలోని సెంట్రల్ వ్యాలీకి మార్చాడు. వెదురు బలమంతా పై తొక్కను ఆనుకున్న నారలోనే ఉంటుంది. అందుకే ముక్కోణంగా చెక్కిన ఆరు బద్దలను తొక్క బయటికుండేలా జిగురుతో కలుపుతారు. బద్దలు చెక్కే యంత్రాన్ని లెనార్డ్ తాళం వేసిన గదిలో ఉంచేవాడు. తొలినాళ్ల వెదురు మన కలకత్తా రేవు నుంచి వెళ్లినది కావడంతో దానికి ఆ ఊరి పేరే వచ్చింది. తర్వాత దక్షిణ చైనా వెదురు దాన్ని పక్కకు నెట్టింది. అప్పట్లో గాలం తాడు పట్టుదే. మునగకుండా దానికి కొవ్వు పూసి, వేట ముగిశాక విప్పి ఆరబెట్టేవారు.

1950లో అమెరికా చైనా సరుకుపై ఆంక్షలు పెట్టడంతో వెదురు రావడం ఆగింది. ఫైబర్‌గ్లాస్ కర్రలు మార్కెట్‌ను ఆక్రమించాయి. 1953లో పూర్తయిన నెవర్‌సింక్ జలాశయం గోర్డన్ వేటాడిన ఏటి పాయలను ముంచేసింది. ఇది తీరని నష్టమే. అయితే తర్వాత డెలావేర్ నది తూర్పు, పశ్చిమ పాయల మీద న్యూయార్క్ నగరం కట్టిన పెపాక్టన్, కానన్స్‌విల్ జలాశయాలు అడుగుభాగం నుంచి చల్లని నీరు వదులుతాయి. ఆ నీటివల్ల దిగువన వేసవిలోనూ ట్రౌట్ నిలిచే కొత్త నీళ్లు ఏర్పడ్డాయి. అక్కడ ఇప్పుడు వసంతంలో హెండ్రిక్సన్ ఫ్లై అనుకరించే పురుగులు లేచేనాటికి, స్టీన్‌రాడ్ ఫ్లైలతో వేటగాళ్లు చేరతారు.