సంగీత నాటక అకాడమీ, అరకు థింసా: గుర్తింపు చరిత్రలో ఒక ప్రశ్న

స్వాతంత్ర్యానికి ముందు నాట్యాన్ని ఎవరు పోషించారని అడిగితే సంస్థానాధీశులు, జమీందారులు, దేవాలయాలు అని మీరు వెంటనే చెప్పగలరు. 1947 తర్వాత సంస్థానాలు విలీనమయ్యాయి, జమీందారీలు రద్దయ్యాయి. మద్రాసు రాష్ట్రం 1947లోనే దేవదాసీ వ్యవస్థను చట్టం ద్వారా నిషేధించింది. పాత పోషకులు తప్పుకున్న ఆ స్థానంలోకి ప్రభుత్వం వచ్చింది. కేంద్ర విద్యా మంత్రిత్వశాఖ 1952లో చేసిన తీర్మానంతో ఏర్పడిన సంగీత నాటక అకాడమీని 1953 జనవరి 28న రాష్ట్రపతి డా. రాజేంద్రప్రసాద్ ఢిల్లీలో ప్రారంభించారు. సాహిత్య, లలితకళా అకాడమీలు 1954లో వచ్చాయి. సంగీత నాటక అకాడమీ మొదటి అధ్యక్షుడు మన తెలుగువాడే. ఆయన పాకాల వెంకట రాజమన్నారు. మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, తెలుగు నాటక రచయిత కూడా.

సంస్థ పేరులో 'నృత్యం' అనే మాట లేదేమని మీకు అనిపించవచ్చు. గీతం, వాద్యం, నృత్తం మూడూ కలిస్తేనే సంగీతమని మన లక్షణకారులు చెప్పారు. కాబట్టి నాట్యం మొదటినుంచీ అకాడమీ పరిధిలోనిదే. అయితే ఏ నాట్యం, ఏ హోదాలో అన్నది వేరే ప్రశ్న. ఈ పాఠంలో మనకు ముఖ్యమైనది ఆ ప్రశ్నే.

అకాడమీ 1958లో ఢిల్లీలో నృత్య సదస్సు నిర్వహించింది. కూచిపూడి శాస్త్రీయ నృత్యమా, కాదా అనే చర్చ ఆ కాలంలో తెలుగువారిని బాగా కదిలించింది. 1957లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ 1959లో హైదరాబాదులో సదస్సు జరిపి, కూచిపూడి శాస్త్రీయమేనని వాదించింది. 1961లో వేదాంతం సత్యనారాయణ శర్మకు కేంద్ర అకాడమీ అవార్డు లభించింది. ఈ వాదనకు బలమిచ్చినవి ఏమిటో గమనించండి: గ్రంథం, గురుపరంపర, నేర్పే ఊరు, ఢిల్లీలో మాట్లాడగల పండితులు.

ఇప్పుడు అరకు లోయకు వద్దాం. బగత, వాల్మీకి, పోర్జ, కొండదొర, గదబ, కోదు, కోటియ తెగలవారు ఆడే థింసాకు వీటిలో ఒక్కటీ లేదు. అలాగని దానికి పద్ధతి లేదనుకోవద్దు. గ్రామదేవత కొలువులో ఆడే బోడో థింసాలో కుడివైపు పురుషులు, ఎడమవైపు స్త్రీలు వరుస కడతారు. ఒకరి వెనుకగా మరొకరు చేతులు బిగించి పట్టుకుంటారు. నెమలి ఈకల కుచ్చు పట్టుకున్న మొదటి పురుషుడు దారి చూపుతుంటే, వరుస పాములా మెలికలు తిరుగుతూ వలయమవుతుంది. పోతర్ తోలా అడవిలో ఆకు కోసే పనిని చూపుతుంది. బాగ్ థింసాలో సగంమంది తలలు వంచి వలయంగా నిలబడితే మిగిలినవారు చుట్టూ వేగంగా తిరుగుతారు. పులి నుంచి తప్పించుకునే తీరు అది. కుండా థింసాలో భుజాలతో ఒకరినొకరు నెట్టుకుంటారు. డప్పు, తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ములు దీని వాద్యాలు. చైత్రమాసపు పండుగ, పెళ్లి దీని సందర్భాలు. నేర్చుకోవడమంటే చిన్నప్పుడు వరుస చివర నిలబడి పెద్దల అడుగును పట్టుకోవడమే. అందువల్ల ఇక్కడ గురువెవరని అడిగితే ఊరినే చూపించాలి.

జాతీయ సంస్థల అవార్డులు ప్రధానంగా వ్యక్తుల పేరిట ఉంటాయి. వరుసలో ఇరవైమంది కలిసి వేసే అడుగుకు ఎవరి పేరు రాస్తారు? జానపద, గిరిజన కళలకు అకాడమీ పురస్కారాల్లో చోటు కల్పించింది, నిజమే. అయినా ఈ ఇబ్బంది తీరలేదని నా అభిప్రాయం. గిరిజన నృత్యాలకు ఢిల్లీలో దొరికిన పెద్ద వేదిక 1953 నుంచి రిపబ్లిక్ దినోత్సవాల్లో భాగంగా జరిగిన జానపద నృత్యోత్సవం. అక్కడ నృత్యం ఒక రాష్ట్రానికి ప్రతినిధి అవుతుంది. థింసా విషయంలో ఆ లెక్క కూడా కుదరదు. సరిహద్దుకు అవతల కొరాపుట్ కొండల్లోనూ ఇదే పేరుతో ఆట ఉంది. గీత గీసినది ప్రభుత్వం. ఆడేవారికి కొండ ఒకటే.

మరో మార్పు ఢిల్లీ నుంచి కాక రైలు మార్గం నుంచి వచ్చింది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి వేసిన కొత్తవలస - కిరండూల్ మార్గం 1960లలో పూర్తయింది. ఆ రైలే తర్వాత అరకుకు పర్యాటకులను తెచ్చింది. సాయంత్రం విడిదిగృహం ముందు థింసా ఆడటం ఒక ఆదాయమైంది. దీన్ని కళ పతనమని ఒక్క మాటలో కొట్టిపారేసే రచనలు మీకు తారసపడతాయి, తొందరపడి ఒప్పుకోకండి. పొలం పనికి తోడు నాలుగు రూపాయలు వస్తే ఆ కుటుంబానికి అది చిన్న విషయం కాదు. కానీ రాత్రంతా సాగే ఆట అరగంటకు కుదించుకుపోతుంది. చూసేవారికి నచ్చే నాలుగు రకాలే మిగులుతాయి. స్త్రీల వరుస, ఒకే రంగు చీరలు స్థిరపడతాయి. పూజతో ముడిపడిన అడుగుకు అక్కడ పని ఉండదు.

1980లలో రాష్ట్ర అకాడమీలు రద్దయ్యాయి. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం ఏర్పడింది. దాదాపు అదే కాలంలో కేంద్రం ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రాలను నెలకొల్పింది. దక్షిణ ప్రాంత కేంద్రం తంజావూరులో ఉంది. 2022 ఏప్రిల్‌లో అరకు పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. పాలనాకేంద్రం కొండమీదికి వచ్చినంత మాత్రాన సాంస్కృతిక నిర్ణయాలు అక్కడ జరుగుతున్నాయని అనుకోలేం.

అభ్యాసం: మీ ప్రాంతంలో జరిగే ఏదైనా సామూహిక నృత్యాన్ని ఒకసారి ఊరి పండుగలోనూ, మరోసారి వేదికపైనా చూడండి. ఎవరు ఆడారు, ఎంతసేపు ఆడారు, ఎవరు ఆపమన్నారు, పారితోషికం ఎవరి చేతికి చేరింది అన్న నాలుగు విషయాలు రాసుకుని సంపర్క తరగతికి తీసుకురండి.