తొలి గడప: దేవుని కడప పేట, దాని ప్రజలు

 



ఆలయ జీర్ణోద్ధరణ మనగానే మన దృష్టి శిథిలమైన గోపురము మీదికి, బీటలు వారిన ప్రాకారము మీదికి పోవుట సహజము. స్థపతి వచ్చి కొలతలు తీయును. బాలాలయము నిర్మించి అందు స్వామివారి కళలను నిలుపుదురు. కుంభాభిషేకము నాడు మంత్రపూతమైన జలము శిఖరము మీద పడగానే పని పూర్తియైనదని తృప్తి చెందుదుము. కాని మన ఆగమములు ఆలయమును ఊరినుండి విడదీసి చెప్పలేదు. వీథులు, తటాకము, ఉత్సవమార్గము, ఆ మార్గమున నివసించు జనులు, ఇవన్నియు ఆలయమునకు అంగములే. రాతిని బాగుచేసికొన్న మనము ఆ రాతిచుట్టును అల్లుకొన్న ఊరి మర్యాదలను గూర్చియు ఒకమారు తలపోయుట ధర్మము. అందులకు మన సీమలోనే ఒక చక్కని ఉదాహరణము కలదు. అదియే దేవుని కడప.

కడప పట్టణమునకు ఆనుకొని, చెరువు ప్రక్కన, శ్రీ లక్ష్మీ వేంకటేశ్వరస్వామివారి ఆలయము చుట్టును ఏర్పడిన పేట ఇది. నేడు కడప నగరములో కలిసిపోయినది. క్రొత్తగా వచ్చినవారు దీనిని నగరపు శివారు అనుకొందురు. పెద్దల మాట వేరు. ఉత్తరదిక్కునుండి తిరుమలకు కాలినడకన పోవు యాత్రికులు మొదట ఈ స్వామిని సేవించి, పిమ్మట కొండదారి పట్టెడివారు. అందువలన ఇది తిరుమలకు తొలి గడప అయ్యెననియు, ఆ 'గడప'యే కడప అయ్యెననియు జనశ్రుతి. ఈ లెక్కన పట్టణము పెరిగి పేటను కలుపుకొన్నది గాని, పేరు మాత్రము పేటనుండియే పట్టణమునకు పోయినది.

స్థలపురాణము ప్రకారము ఈ స్వామిని ప్రతిష్ఠించినవారు మహాభారతమునందలి కృపాచార్యులు. మూలవిరాట్టు వెనుక ఆంజనేయస్వామి క్షేత్రపాలకుడై నిలిచి యుండుట ఇచ్చటి విశేషము. పురాణమును పురాణముగనే నమ్మెదము. చరిత్రకు వచ్చినచో, రాజంపేట సమీపముననున్న తాళ్ళపాకలో జన్మించిన అన్నమాచార్యులవారు (1408–1503) ఈ స్వామిని 'కడపరాయడు' అని పిలుచుచు సంకీర్తనలు రచించిరి. అనగా ఐదువందల యేండ్ల క్రిందటనే ఈ గడప ప్రసిద్ధమైనది.

ఆ పిమ్మట ఈ నేల మీద ఎందరి పాలనలో నడచినవి! విజయనగర ప్రభువుల అనంతరము సిద్ధవటము కేంద్రముగా మట్లి రాజులు ఏలిరి. 17వ శతాబ్దమున గోల్కొండ సేనలు వచ్చెను. ఆ కాలమున నేక్‌నామ్ ఖాన్ అను అధికారి పేరిట పట్టణమునకు నేక్‌నామాబాద్ అను పేరు కలిగెను. 18వ శతాబ్దమున మయానా వంశమునకు చెందిన పఠాను నవాబులు కడపను ఏలిరి. 1779లో హైదరాలీ వారిని జయించెను. 1800లో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేయగా థామస్ మన్రో మొదటి ప్రధాన కలెక్టరై వచ్చెను. ఏలినవారు మారిరి, కోటలు కూలెను, నేక్‌నామాబాద్ అను పేరు జనుల నోట నిలువలేదు. గడప పేరు మాత్రము నిలిచెను. ఆంగ్లేయుల వ్రాతలో వికృతి చెందిన అక్షరక్రమము సైతము 2005లో తెలుగు ఉచ్చారణకు అనుగుణముగా సవరింపబడెను.

రాజ్యములు పోయినను వానితో వచ్చిన జనము పోలేదు. పఠాను సిపాయిల సంతతి, దక్కనీ ఉర్దూ మాటలాడు కుటుంబములు, ఇంట తెలుగే మాటలాడు దూదేకులవారు ఇచ్చటివారైరి. బీదరునుండి వచ్చిన సూఫీ గురుపరంపరకు నెలవైన అమీన్ పీర్ దర్గా కడపలో వెలసెను. దానినే జనులు పెద్ద దర్గా అందురు. ఉరుసు దినములలో అచ్చటికి మ్రొక్కులు చెల్లింప వచ్చువారిలో హిందువులు ఎందరో కలరు. 1822లో లండను మిషనరీ సొసైటీవారు కడపలో తమ పని ఆరంభించిరి. 1976లో రోమను కాథలికులకు కడప మేత్రాసనము ఏర్పడెను. 1820లో కడపకు ఉద్యోగార్థము వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఇచ్చటనే బంగళా కొని, తన సొంత ధనముతో పండితులను పోషించి, చెదలు తినుచున్న తాళపత్రములకు ప్రతులు వ్రాయించెను. ఆ బంగళా ఉన్న చోటనే జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదల వలన బ్రౌన్ గ్రంథాలయము లేచినది. కడపలో స్థిరపడి జీవించిన సరస్వతీపుత్రులు పుట్టపర్తి నారాయణాచార్యులవారి (1914–1990) సంగతి మీకు చెప్పనక్కరలేదు.

ఇందరు కూడిన నగరమునకు దేవుని కడప గడప వంటిదైనచో, ఆ గడపను ఎవరెవరు దాటుచున్నారో చూడవలయును. ఉగాది నాటి ఉదయము ఇందులకు తార్కాణము.

ఆనాడు తెలతెలవారక మునుపే ముస్లిం స్త్రీపురుషులు పిల్లలతో కూడ స్వామి సన్నిధికి వత్తురు. కొబ్బరికాయలు, పూలు, పండ్లు తెత్తురు. బియ్యము, బెల్లము, చింతపండు మొదలగు స్వయంపాక ద్రవ్యములను సమర్పింతురు. తీర్థప్రసాదములు స్వీకరింతురు. ఆనాడు ఇంట మాంసము వండరు. కారణమడిగినచో వారిచ్చు సమాధానము మిక్కిలి చిన్నది: బీబీ నాంచారమ్మ మా యింటి ఆడపడుచు, వేంకటేశ్వరుడు మా అల్లుడు. ఏడాది మొదటినాడు అల్లుని ఇంటికి వట్టి చేతులతో పోరాదు గదా!

మహాశయులారా, ఈ మాటలోని మర్మమును గమనింపుడు. అన్ని మతములు ఒక్కటియే అని ఉపన్యసించుట సులభము. ఇచ్చట ఎవ్వరును ఆ మాట అనుట లేదు. వచ్చినవారు తమ నమాజును విడువలేదు. మేము మా ఆగమమును విడువలేదు. అల్లుని ఇంటికి పోవుటకు అల్లుని మతము పుచ్చుకొననక్కరలేదు, బంధుత్వము చాలును. వాదములో గెలిచిన సామరస్యము మరొక వాదములో ఓడిపోవచ్చును. చుట్టరికము అట్లు ఓడిపోదు. అలుకలు వచ్చినను పండుగ నాటికి రాకపోకలు సాగును.

అర్చక వృత్తిలో నలుబది యేండ్లు గడిపిన నన్ను కొందరు యువకులు అడుగుచుందురు: ఇది ఏ ఆగమములో నున్నది, దీనికి ప్రమాణమేమి అని. ధర్మమునకు వేదము, స్మృతి, సదాచారము, ఆత్మతుష్టి అను నాలుగు ప్రమాణములు చెప్పబడినవని వారికి నా ఉత్తరము. గ్రంథమునందు లేనిది ఆచారమునందుండవచ్చును. తరతరములుగా ఒక క్షేత్రమున పెద్దలు అంగీకరించి, భక్తితో నడపిన ఆచారము తానే ప్రమాణము. శ్రీరంగమును చూడుడు. అచ్చట తులుక్క నాచ్చియార్ సన్నిధి కలదు. ఆమె నిమిత్తము శ్రీరంగనాథునికి రొట్టె నివేదింతురు. వైష్ణవ దివ్యదేశములలో ప్రథమమైన క్షేత్రము తన నిత్యవిధిలో చోటిచ్చిన భావమునే మన దేవుని కడప ఉగాది మర్యాదలో నిలుపుకొన్నది.

పంచాంగము తెలిసినవారికి ఇందు మరియొక విశేషము తోచును. మనదియు చంద్రమానమే, వారిదియు చంద్రమానమే. మనము అధికమాసములను చేర్చి సూర్యునితో సరిచేసికొందుము, వారు చేర్చరు. అందుచేత రంజాను మాసము ఏటేట దాదాపు పదునొకండు దినములు ముందునకు జరుగుచు, రమారమి ముప్పదిమూడేండ్లకు ఋతుచక్రమును చుట్టివచ్చును. 2024 ఏప్రిల్ 9న వచ్చిన క్రోధి ఉగాది, 2025 మార్చి 30న వచ్చిన విశ్వావసు ఉగాది రంజాను మాసములోనే పడినవి. 2025లో మరునాడే ఈదుల్ ఫితర్. ఉపవాస దీక్ష ముగియవచ్చిన ఆ ఉగాది నాడును ముస్లిం కుటుంబములు దేవుని కడపకు వచ్చినవి. ఒకే చంద్రుని చూచి రెండు లెక్కలు వేయువారు ఒకే వాకిట కలిసిన దినమది.

ఇది దేవుని కడపకే పరిమితమైన వింత కాదు, ఈ సీమ స్వభావము. ఒంటిమిట్ట కోదండరామాలయము చెంత ఇమాంబేగ్ బావి కలదు. రాముని మహిమకు లొంగి భక్తుడైన ముస్లిం అధికారి త్రవ్వించినదని దాని కథ. పల్లెలలో పీర్ల పండుగ వచ్చినచో పీర్లను ఎత్తువారిలో, అగ్నిగుండము చుట్టును ఆడువారిలో హిందువులు కలరు. వానలు తక్కువైన దేశము మనది. కర్నూలు వద్ద సుంకేసుల ఆనకట్టనుండి కడప వరకు సాగు కె.సి. కాలువ పనులు 1863లో ఆరంభమైనవి. నష్టపడిన కంపెనీనుండి 1882లో ప్రభుత్వము దానిని కొనెను. ఆ కాలువ నీరు పారిన చోట వరియు పసుపును పండినవి. నీరు తక్కువైన చోట పొరుగువానితో పొత్తు లేక బ్రదుకు సాగదని ఈ నేల అందరికిని నేర్పినది. మన గనులనుండి వచ్చు కడప బండలను చూడుడు. గుడి ప్రాకారములోను, మసీదు ముంగిటను, చర్చి వసారాలోను పరచినది ఆ నల్లని బండనే.

ఇక నా మనస్సులోని చింతను విన్నవించెదను. దేవుని కడప ఆలయము నేడు తిరుమల తిరుపతి దేవస్థానముల నిర్వహణలో ఉన్నది. మాఘమాసమున బ్రహ్మోత్సవములు, రథసప్తమి నాడు రథోత్సవము వైభవముగ జరుగుచున్నవి. గోపురమునకు, రథమునకు ఏ లోటును రాదు. కాని ఉగాది మర్యాదకు శిలాశాసనము లేదు, తామ్రపత్రము లేదు. అది అవ్వ చేయి పట్టుకొని నడచిన మనుమరాలి జ్ఞాపకములో మాత్రమే ఉన్నది. 2004లో కడప నగరపాలక సంస్థ అయినది. క్రొత్త కాలనీలు లేచినవి. ఇతర ప్రాంతములనుండి వచ్చినవారికి పాత వావివరుసలు తెలియవు. ఇరుప్రక్కలను ఈ ఆచారమును అనుమానముతో చూచువారు లేకపోలేదు. ఒక తరమువారు రాకున్నచో, లేక వచ్చినవారిని వాకిట ఎవరైన ఒక పరుషవాక్యము పలికినచో, శతాబ్దముల చుట్టరికము తెగిపోవును. కూలిన గోపురమును స్థపతి మరల కట్టగలడు. తెగిన చుట్టరికమును ఏ స్థపతి కట్టగలడు?

అందుచేత మన ఆలయ కుంభాభిషేకమునకు విచ్చేయు భక్తులకు నా విన్నపము ఒక్కటియే. దాతల పేర్లు పాలరాతి పలకలమీద చెక్కించుచున్నాము, మంచిదే. దానితోబాటు ఈ ఆలయమున ఎవరెవరికి ఏయే మర్యాద కలదో కూడ వ్రాయించి ఉంచుదము. రథమునకు మోకు పట్టువారు, పల్లకి మోయువారు, మేళము వాయించువారు, కాగడా పట్టువారు, ఉత్సవము నాడు తమ వాకిట నీళ్ళు చల్లి స్వామికి దారి ఇచ్చు అన్యమతస్థులైన ఇరుగుపొరుగువారు, వీరందరును అందుండవలయును. మన పెద్దలను అడిగి తెలిసికొని, పిల్లలచేత వ్రాయింపుడు. వ్రాసినవాడు మరువడు.

గడప ఇంటికి హద్దు. ఇల్లు ఎచ్చట ఆరంభమగునో అది చెప్పును. అదే గడప వచ్చినవారిని లోనికి తీసికొని వచ్చును. పసుపు పూసి, కుంకుమ పెట్టి మనము గడపను పూజించుట ఈ రెండింటి కొరకును. తన పేరునందే ఆ అర్థమును మోయుచున్న దేవుని కడప స్వామి మన ఊళ్ళనన్నింటిని చల్లగా చూచుగాక!

శుభం భూయాత్.