పటంలోని పొలం నుండి పహాణీ వరకు

సరిహద్దు గ్రామాలలో పొలం కొనదలచినవారికి, పంపకాలు చేసుకొనేవారికి ఉపయోగపడే సాధనం ‘దిశాంక్’. కర్ణాటక రాష్ట్ర దూరసంవేదన అనువర్తనాల కేంద్రం దీనిని రూపొందించింది.

పటాన్ని పెద్దది చేసి పొలంపై వేలు ఉంచితే గ్రామం, హోబళి, తాలూకా, సర్వే నంబరు కనిపిస్తాయి. అక్కడి నుండి యజమాని వివరాలకు వెళ్లాలంటే సర్నోక్, హిస్సా సంఖ్యలను ఎంచుకోవాలి. 2000లో మొదలైన ‘భూమి’ పథకపు పహాణీ వివరాలు అప్పుడు లభిస్తాయి.

జాగ్రత్త అవసరమైనది ఇక్కడే. పటంలోని ఒక్క సర్వే నంబరు గీత లోపల పలు హిస్సాలు, పలువురు యజమానులు ఉండవచ్చు. ఉదాహరణకు, 47వ నంబరులో మూడు హిస్సాలు ఉన్నాయనుకుందాం. ఎక్కడ వేలు ఉంచినా 47 అనే వస్తుంది. మీరు నిలుచున్నది ఏ హిస్సాయో తెలియదు. కనుక హిస్సా సంఖ్యను పహాణీలో చూసుకొనిన తరువాతే ఎంచుకోవాలి. హద్దు తగాదా వస్తే సర్వేయరు కొలతనే నమ్మాలి గాని పటంలోని గీతను కాదు.

1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజనలో గద్వాల, ఆలంపూరు తాలూకాలు రాయచూరు జిల్లా నుండి వేరయ్యాయి. నేడవి తెలంగాణలో ఉన్నాయి. ఒకే కుటుంబానికి ఇరువైపులా పొలాలు ఉంటే, ఆవలి పొలం వివరాలకు దిశాంక్ నుండి దారి లేదు. తెలంగాణ పొలానికి 2025లో ధరణి స్థానంలో వచ్చిన ‘భూభారతి’ని, ఆంధ్రప్రదేశ్ పొలానికి ‘మీభూమి’ని చూడాలి.

ఒకే సర్వే నంబరు పలు గ్రామాలలో ఉంటుంది. గ్రామం పేరు సరిచూసుకోకుండా బయానా ఇవ్వరాదు.