శ్రీశైలం రోడ్ ట్రిప్: రాత్రి 9 దాటితే దోర్నాల గేటు క్లోజ్.. తక్కువ ఖర్చులో ఎక్కడ ఆగొచ్చు?

సొంత కారులోనో, టెంపో ట్రావెలర్‌లోనో ఫ్యామిలీ మొత్తం కలిసి శ్రీశైలం బయల్దేరడం ఇప్పుడు మామూలైపోయింది. అయితే చాలామంది ఒక్క విషయం మర్చిపోతున్నారు. పెద్దదోర్నాల దాటాక మొదలయ్యేది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. రాత్రి 9 గంటలకు చెక్‌పోస్టు గేటు పడితే మళ్లీ తెరిచేది ఉదయం 6 గంటలకే. ఐదు నిమిషాలు లేటైనా ఆ రాత్రంతా రోడ్డు పక్కనే. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే ఆ తిప్పలు చెప్పక్కర్లేదు.

మన దగ్గర కారవాన్ అంటే ఇప్పటికీ సినిమా షూటింగే గుర్తొస్తుంది. కేరళ 2021లోనే కారవాన్ టూరిజం పాలసీ తెచ్చింది కానీ, నల్లమల దారుల్లో కనిపించేది మాత్రం వెనక సీట్లు మడిచి పరుపు వేసిన ఇన్నోవాలు, గ్యాస్ స్టవ్, బియ్యం మూటతో వెళ్లే టెంపోలు, తుఫాన్ జీపులే. పేరు ఏదైనా సమస్య ఒక్కటే.. రాత్రి ఎక్కడ ఆపాలి? ఎంత తక్కువలో గడపాలి?

ముందు టైమ్ లెక్క

ప్లాన్ ఎప్పుడూ గేటు దగ్గర్నుంచి వెనక్కి వేసుకోవాలి. దోర్నాల నుంచి శ్రీశైలం సుమారు 50 కిలోమీటర్లు. మధ్యలో ఘాట్ మలుపులు ఉండటంతో గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. ఒంగోలు నుంచి పొదిలి, మార్కాపురం మీదుగా శ్రీశైలం దాదాపు 180 కిలోమీటర్లు. విజయవాడ నుంచి గుంటూరు, నరసరావుపేట, వినుకొండ మీదుగా వస్తే 260 కిలోమీటర్లకు పైనే. అంటే విజయవాడలో మధ్యాహ్నం భోజనం చేసి నింపాదిగా 3 గంటలకు బయల్దేరినవాళ్లు దోర్నాల చేరేసరికే 8 దాటుతుంది. టీ కోసం ఒకసారి, పిల్లల కోసం రెండుసార్లు ఆగితే ఇక 9 ఖాయం.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. గేటు పడుతుందని మార్కాపురం నుంచే స్పీడు పెంచేస్తారు. లోపలికి వెళ్లగలిగినా చీకట్లో, తెలియని ఘాట్‌లో, అడ్డం వచ్చే జింకల మధ్య అదే స్పీడు. దోర్నాలకు 7 గంటలకల్లా చేరలేమని అర్థమైతే ఆ రోజుకి శ్రీశైలం ఆలోచన మానేసి, కిందే ఆగడం మంచిది. హైదరాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లకు మన్ననూరు దగ్గర కూడా ఇదే రూలు. మహాశివరాత్రి బ్రహ్మోత్సవాల సమయంలో సడలింపు ఇస్తుంటారు. అది ఆ ఏడాది అధికారుల ప్రకటన చూసుకుని నమ్మాల్సిన విషయం, పోయినేడాది అనుభవం చూసి కాదు.

కిందే ఆగాలంటే..

మొదటి ఆప్షన్ మార్కాపురం. దోర్నాలకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న పెద్ద టౌన్ ఇది. లాడ్జీలు, హోటళ్లు, మెడికల్ షాపులు, ఆస్పత్రులు అన్నీ ఉన్నాయి. గదుల రేట్లు శ్రీశైలం వీకెండ్ రేట్లంత ఉండవు. పొద్దున్నే లక్ష్మీ చెన్నకేశవస్వామిని దర్శించుకుని బయల్దేరొచ్చు. ముసలివాళ్లు, మందులు వాడేవాళ్లు ఉంటే ఇక్కడ ఆగడమే కరెక్ట్.

రెండోది దోర్నాలే. కర్నూలు, శ్రీశైలం, మార్కాపురం దారులు కలిసే జంక్షన్ కాబట్టి మనుషుల అలికిడి ఉంటుంది. ఉదయం గేటు తీయగానే ముందు వరుసలో ఉండొచ్చు. అయితే ఊరు చిన్నది, గదులు తక్కువ. కార్తీక మాసం వీకెండ్‌లో రాత్రి పదింటికి వచ్చి రూమ్ అడిగితే దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. బండిలోనే పడుకోవాలనుకుంటే లైట్లు ఉన్న చోట, పెట్రోల్ బంకు వాళ్లనో హోటల్ వాళ్లనో అడిగి ఆపుకోవాలి. వాళ్ల దగ్గరే టిఫిన్ చేసి, డీజిల్ కొట్టించుకుంటే కాదనేవాళ్లు తక్కువ. ఊరు దాటి అడవి అంచున మాత్రం ఆపొద్దు.

గుంటూరు వైపు నుంచి వచ్చేవాళ్లకు త్రిపురాంతకం ఉంది. శ్రీశైలానికి తూర్పు ద్వారంగా చెప్పుకునే క్షేత్రం. సాయంత్రం ఇక్కడ దర్శనం పెట్టుకుంటే గేటు కోసం పరుగు ఉండదు. బస మాత్రం పరిమితమే, ముందుగా ఫోన్ చేసి కనుక్కోవాలి.

కారులో ఏసీ వేసుకుని పడుకుంటే ఫ్రీ కాదు!

రూమ్ ఖర్చు మిగుల్చుకుందామని ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఏసీలో పడుకునేవాళ్లు ఒక్కసారి లెక్క చూసుకోవాలి. ఆగి ఉన్న కారు ఏసీతో గంటకు సుమారు లీటరు ఇంధనం తాగుతుంది. గేటు మూసి ఉండేది 9 గంటలు. లీటరు వంద అనుకున్నా 900 రూపాయలు. దాదాపు ఓ మామూలు లాడ్జి రూమ్ ఖర్చు!

డబ్బు సంగతి అలా ఉంచితే, ప్రాణం మీదకు వచ్చే విషయం ఇంకోటి. పొగ గొట్టంలో లీకేజీ ఉన్నా, బండి మూసిన షెడ్డులో ఆపినా కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలో ఉన్నవాళ్లకు మెలకువ కూడా రాదు. బండిలో స్టవ్ వెలిగించి, అద్దాలు బిగించినా అదే ముప్పు. ఇంజిన్ ఆపేసి, అద్దాలు రెండు వేళ్లంత దించి, దోమల కోసం నెట్ కట్టుకోవడమే బెటర్.

అడవిలో ఆగుతామంటే కుదరదు

దోర్నాలలోనే ట్యాంక్ ఫుల్ చేసుకోవాలి, అడవి దారిలో బంకులు లేవు. ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల అందదు. రోడ్డు మీద వెళ్లడానికే అనుమతి. పక్కన టెంట్ వేయడం, పొయ్యి వెలిగించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కోతులకు అరటిపండ్లు వేద్దామని కారు ఆపడం కూడా వద్దు. అడవిలోనే ఒక రాత్రి గడపాలని ఉంటే ఆత్మకూరు వైపు బైర్లూటిలో అటవీశాఖ జంగిల్ క్యాంప్ ఉంది. కాకపోతే అది తక్కువ ఖర్చు లిస్టులోకి రాదు.

శ్రీశైలంలో రెండో రాత్రి

కొండపైన దేవస్థానం గదులు ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు. గంగా గౌరీ సదన్, మల్లికార్జున సదన్ లాంటివి వీకెండ్‌కి చాలా ముందే నిండిపోతాయి. ఆ తర్వాత చూడాల్సింది సత్రాలు. దాదాపు ప్రతి కులానికీ ఇక్కడ సత్రం ఉంది. కొన్ని తమవాళ్లకే ఇస్తాయి, కొన్ని ఖాళీ ఉంటే ఎవరికైనా ఇస్తాయి. ఈ పద్ధతి నచ్చినా నచ్చకపోయినా గది అడిగే ముందు తెలుసుకుని వెళ్లడం మంచిది. ఆధార్ కార్డు అందరిదీ వెంట ఉండాలి. దేవస్థానం అన్నప్రసాదం ఉచితమే కాబట్టి భోజనం ఖర్చు పెద్దగా తగలదు. శని, ఆదివారాలు, కార్తీక సోమవారాలు, కన్నడ భక్తులు వేలల్లో వచ్చే ఉగాది రోజులు తప్పించి మంగళ, బుధవారాల్లో వెళ్తే సగం సమస్య ఉండదు.

తిరుగు ప్రయాణంలో మహానంది, అహోబిలం కలుపుకునేవాళ్లు దోర్నాలకు దిగి ఆత్మకూరు రోడ్డు పట్టాలి. అదీ అడవి దారే, రాత్రి రాకపోకలకు ఆంక్షలు ఉంటాయి కనుక పగలే దాటేయాలి. మూడో రాత్రికి మహానందిలో దేవస్థానం గదులున్నాయి, లేదంటే నంద్యాలలో లాడ్జీలు. అక్కడి నుంచి గిద్దలూరు ఘాట్ మీదుగా కంభం, మార్కాపురం రావొచ్చు. ఈ ఘాట్‌లో లారీలు ఎక్కువ. పైగా 2024 జూన్‌లో ఇదే దారిలోని పచ్చర్ల దగ్గర చిరుత దాడిలో ఓ మహిళ చనిపోయారు. కాలకృత్యాలకని బండి ఆపి చెట్ల చాటుకు వెళ్లడం ఇక్కడ అస్సలు వద్దు. ఆ పనులన్నీ నంద్యాలలోనే ముగించుకుని, తర్వాతి స్టాప్ గిద్దలూరులోనే పెట్టుకోవాలి.