సంక్షోభ హెల్ప్‌లైన్ల నాణ్యత

తీవ్రమైన మానసిక వేదనలో ఉన్నవారికి, ముఖ్యంగా ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనతో సతమతమవుతున్నవారికి, ఫోన్లో అప్పటికప్పుడు ఆసరా ఇచ్చే సేవను సంక్షోభ హెల్ప్‌లైన్ అంటారు. ఇలాంటి సేవల గురించి వచ్చే ప్రకటనల్లో ఎన్ని లక్షల కాల్స్ అందుకున్నారన్న లెక్కే తరచు కనిపిస్తుంది. ఆ లెక్క సేవ ఎంతమందికి చేరిందో చెబుతుందే గాని, ఎంత మేలు చేసిందో చెప్పదు. ఫోనెత్తినవారు ఏం అడిగారు, ఎలా విన్నారు, పెట్టేసేటప్పటికి అవతలివారి పరిస్థితి ఎలా ఉంది అన్నవాటితోనే నాణ్యతను కొలవాలి.

తొలినాళ్లు

లండన్‌లోని సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ చర్చిలో 1953 నవంబరులో చాడ్ వారా అనే మతాచార్యుడు ఒక ఫోన్ పెట్టుకుని ఈ పని మొదలుపెట్టాడు. తనను కలవడానికి వచ్చి వరుసలో కూర్చున్నవాళ్లకు టీ ఇచ్చి కబుర్లు చెప్పడానికి కొందరు వాలంటీర్లు ఉండేవారు. వాళ్లతో మాట్లాడాక చాలామంది మనసు తేలికపడి, ఆయన్ను కలవకుండానే వెళ్లిపోవడం ఆయన గమనించాడు. 1954 ఫిబ్రవరిలో బాధ్యతను వాలంటీర్లకే అప్పగించాడు. అదే సమారిటన్స్ సంస్థ. మామూలు మనుషులు, సలహాలివ్వకుండా, తప్పుపట్టకుండా వినడం దాని పద్ధతి. 1958లో ష్నైడ్‌మన్, ఫార్బరో, లిట్‌మన్ అనే మానసిక నిపుణులు లాస్ ఏంజెలెస్‌లో ఆత్మహత్యల నివారణ కేంద్రాన్ని నెలకొల్పారు. అక్కడ ప్రమాదాన్ని అంచనా వేయడానికి పెద్దపీట వేశారు. వినడం ముఖ్యమా, ప్రమాదాన్ని పసిగట్టడం ముఖ్యమా అన్న వాదన అప్పటినుంచీ ఉంది. మంచి హెల్ప్‌లైన్‌కు రెండూ కావాలి.

కాల్స్‌ను విన్న పరిశోధకులు

ఈ విషయంలో కళ్లు తెరిపించిన అధ్యయనం కెనడా పరిశోధకుడు బ్రయాన్ మిషారా బృందానిది. 2007లో వెలువడింది. అమెరికాలోని 14 కేంద్రాలకు వచ్చిన 2,611 కాల్స్‌ను వాళ్లు నిశ్శబ్దంగా విన్నారు. వాటిలో 1,431 సంక్షోభంలో ఉన్నవారివి. అందులో 723 కాల్స్‌లో, అంటే సగానికి పైగా, చనిపోవాలన్న ఆలోచన ఉందా అని ఫోనెత్తినవారు అడగనేలేదు. ఒక కేంద్రానికీ ఇంకో కేంద్రానికీ పొంతన లేదు. కొన్ని కాల్స్ ప్రాణాలు నిలిపి ఉండవచ్చు. మరికొన్నింటిలో మాట్లాడిన తీరు ఏ ప్రమాణంతో చూసినా ఒప్పుకోదగ్గది కాదు.

కౌన్సెలర్ల శిక్షణలో ఎక్కువగా వినిపించే సూత్రానికి కూడా ఈ అధ్యయనం గండి కొట్టింది. అవతలివారి మాటనే తిరిగి చెబుతూ, ‘ఊఁ’ కొడుతూ వినే నైపుణ్యానికీ కాల్ చివరలో కనిపించిన మేలుకూ సంబంధం తేలలేదు. సహానుభూతి, గౌరవం, సమస్యను ఇద్దరూ కలిసి విప్పుకునే ప్రయత్నం ఉన్నచోటే ఫలితం బాగుంది.

మాడెలిన్ గౌల్డ్, జాన్ కలాఫట్‌లు అదే ఏడాది ప్రచురించిన మరో అధ్యయనం 8 కేంద్రాల్లో 1,085 మందిని పరిశీలించింది. వీళ్లంతా ఆత్మహత్య ఆలోచనలతో ఫోన్ చేసినవారే. మాట్లాడుతుండగానే చావాలన్న కోరిక, నిరాశ తగ్గడం కనిపించింది. కొన్ని వారాల తర్వాత మళ్లీ పలకరించగలిగిన 380 మందిలో 11.6 శాతం మంది, ఆ కాలే తమను ఆపిందని ఎవరూ అడక్కుండానే చెప్పారు. అయితే ఆ 380 మందిలో 43 శాతానికి ఆ ఆలోచనలు మళ్లీ వచ్చాయి. మొదటి కాల్‌తో వదిలేయకుండా కేంద్రమే తిరిగి ఫోన్ చేసి కుశలం అడగడం నాణ్యతలో భాగమైంది ఇలాంటి ఫలితాల వల్లే.

అడగడం, అడిగే తీరు

ఆత్మహత్య మాటెత్తితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం చాలామందిలో ఉంది. దానికి ఆధారం లేదు. నేరుగా అడిగితే చాలామందికి ఊరట కలుగుతుంది. తెలుగులో ‘చనిపోవాలని అనిపిస్తోందా?’ అంటే సరిపోతుంది. ‘పిచ్చి ఆలోచనలేమీ రావట్లేదు కదా?’ అన్న ప్రశ్నలోనే ‘లేదు’ అనే జవాబు దాగి ఉంది. సిగ్గుపడి ఆ మాటే చెప్పేస్తారు. ‘అలా అనకూడదమ్మా, పిల్లల మొహం చూసి ఊరుకో’ అనడం మన ఇళ్లలో ఓదార్పే. హెల్ప్‌లైన్లో అది అపరాధభావాన్ని పెంచి మాటను అక్కడే తుంచేస్తుంది. సూటిగా అడిగాక తెలుసుకోవాల్సినవి: ఆలోచన ఎంత బలంగా ఉంది, ఏర్పాటేమైనా చేసుకున్నారా, ఇప్పుడు పక్కన ఎవరున్నారు, ఇన్నాళ్లూ వారిని ఆపుతూ వచ్చింది ఏమిటి.

గోప్యత

సమారిటన్స్ వంటి సంస్థలు గోప్యతకు చాలా విలువిస్తాయి. అయితే అమెరికాలో 2022 జూలై 16న మొదలైన 988 నంబరు హెల్ప్‌లైన్‌లో ప్రాణాపాయం తప్పదనిపిస్తే, కాల్ చేసినవారి అంగీకారం లేకపోయినా అత్యవసర సిబ్బందిని పిలవవచ్చు. ఇంటికి పోలీసులొస్తారేమోనన్న భయంతో ఫోన్ చేయడమే మానేసేవాళ్లు ఉంటారన్న విమర్శ అక్కడ బలంగా ఉంది. ఎలాంటప్పుడు గోప్యత పక్కన పెడతారో ముందే చెప్పడం కనీస మర్యాద.

భారతదేశంలో

1986లో మనోవైద్యురాలు లక్ష్మీ విజయకుమార్ చెన్నైలో స్నేహ సంస్థను స్థాపించారు. హైదరాబాద్‌లో రోష్ని వాలంటీర్లతో ఇదే తరహా సేవ అందిస్తోంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్, ఆత్మహత్యాయత్నం చేసినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగానే భావించాలంది. ఆత్మహత్యాయత్నం నేరమని కేసవుతుందన్న జంకు అంతకుముందు చాలా నోళ్లు నొక్కేది.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలి మానస్ హెల్ప్‌లైన్‌ను ప్రారంభించింది. నంబరు 14416. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ దీనికి సారథి. తెలుగుతో సహా 20 భాషల్లో పనిచేస్తుంది. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే నిపుణులకు కలుపుతారు. 2024 మధ్యనాటికి కాల్స్ 10 లక్షలు దాటాయి. ఇంటర్ ఫలితాల సమయంలో ఈ నంబరును విద్యార్థులకు ప్రచారం చేస్తున్నారు. ఫలితాలు వచ్చిన రోజున ఒక్కసారిగా కాల్స్ పెరిగితే తట్టుకునే సిబ్బంది ఉండాలి. ఎంతసేపట్లో ఫోనెత్తారు, ఎందరు విసిగి పెట్టేశారు, ఎందరికి తిరిగి ఫోన్ చేశారు అన్న వివరాలు కాల్స్ సంఖ్యతో పాటు జిల్లాలవారీగా బయటపెడితేనే ఆ సేవపై సరైన అంచనాకు రాగలం.